ఆషాఢంలో ఇల్లు ఖాళీ చెయ్యరు

మే 28, బుధవారం

పోస్టుమ్యాన్ మాథ్యూ అన్న రిజిస్టర్ కవరు తెచ్చినాడు. పైన కావలి లాయరు ముద్ర. చూడంగానే అర్థమైపోయింది.

"ఇక్కడ సంతకం పెట్టు వనజక్కా."

"పెట్టను."

"తీసుకోకపోతే ఎట్టక్కా?"

"తీసుకోనంటే తీసుకోను. వచ్చిన దారినే పంపించెయ్."

తలకాయ గోక్కున్నాడు. కవరు మీద ఏందో గీకి, బండెక్కి పోయినాడు. అంతే, అయిపోయింది. నా చేతికి రాని నోటీసు నోటీసెట్టవుద్ది? పంతొమ్మిదేళ్ళు బస్సులో కండక్టరుగా జనంతో వేగినదాన్ని, ఈ మాత్రం తెలీదా నాకు.

అయినా శేషమ్మక్క ఇట్టా చేస్తదనుకోలేదు. పదకొండేళ్ళు! ఈ పక్క పోర్షన్లో నేనూ మా అత్త పిచ్చమ్మా, ఆ పక్క శేషమ్మక్కా వాళ్ళబ్బాయి కృష్ణా, మధ్యలో ఒక్క గోడ. కృష్ణకి మొన్న మాఘంలో పెళ్ళయింది, ఉషారాణి వచ్చింది, ఇప్పుడు మా పోర్షన్ కూడా కావాల్సొచ్చింది. కావాలంటే నోటితో అడగొచ్చు కదా. "వనజా, కాస్త తోడు పెరుగుందా" అని పెరటి గోడ మీదనించి గిన్నె చాపే మనిషి, లాయరు చేత కాగితం పంపిస్తదా?

అత్తకి చెప్పలేదు. చెప్పను కూడా. ఆమెకి కళ్ళు పోయి నాలుగేళ్ళు. ఈ ఇంట్లో అయితే మంచం దగ్గరనించి వంటింటికి, వంటింట్లోనించి వెనక వసారాకి, అక్కణ్ణించి బాత్రూంకి గోడెంబడి నైలాన్ తాడు ఉండాది. చూపు పూర్తిగా పోకముందే తనే కట్టుకునింది. చేపలు పట్టేవాళ్ళ పాలెంలో పుట్టి వలలు అల్లిన చెయ్యి. గడప దగ్గర ఒక ముడి, మెట్టు దగ్గర రెండు, బాత్రూం తలుపు దగ్గర ఉల్లిగడ్డంత లావు ముడి. ఆ తాడు పట్టుకుని టీ కూడా పెట్టుకుంటది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అన్నం వార్చి పెట్టిన రోజులు కూడా ఉండాయి. ఇంకో ఇంటికి పోతే ఏం చేస్తది? పొద్దస్తమానం మంచానికి అతుక్కుని, నా బస్సు ఎప్పుడొస్తదా అని కూర్చోవాల.

అప్పుడు చిల్లకూరు మనిషికి పండగ. "మా అమ్మ అవస్త పడతా ఉంది" అని కారేసుకుని దిగుతాడు. ఆరేళ్ళ కింద ఈ గడప దాటి పోయి, ఇంకో ఆమెతో అక్కడ ఇల్లు కట్టుకున్న మొగోడికి ఇప్పుడు అమ్మ గుర్తొస్తా ఉంది. ఆయన పేరు ఈ పుస్తకంలో రాయనని ఒట్టు. ఆయన పోయిన రోజు అత్త కొడుకుతో పోలేదు. నా దగ్గరే ఉండిపోయింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తీసుకుపోతే పోనీ. కన్నకొడుకు. నాకేం భయం లేదు. ఆమె కోసమే నా తపనంతా.

మే 29

కవరు మళ్ళీ రాలేదు. చెప్పినా కదా.

జూన్ 2, సోమవారం

అద్దె ఇద్దామని పోతే శేషమ్మక్క చేతులు రెండూ కొంగులో దాచుకునింది. "తీసుకోవద్దన్నాడు వనజా లాయరు" అని నా మొహం చూడకుండా చెప్పింది. "సరే అయితే, తోడు పెరుగు కూడా లాయర్నే అడుగు" అని తిరిగొచ్చేసినా. చూసుకో, ఎట్టా అన్నానో! బస్సులో కూర్చున్నాక కూడా తలుచుకుని నవ్వుకున్నా.

సాయంత్రం గోడ మీదనించి గిన్నె రానే వచ్చింది. పెరుగు వేసి ఇచ్చినా. పాపం ఆమెదేం లేదు, అంతా ఆ కృష్ణదే.

జూన్ 12, గురువారం

గేటు దగ్గర కృష్ణ ఆపినాడు. "అక్కా, కవర్లో పదిహేను రోజులని రాసుంది. ఇవ్వాల్టితో అయిపోయినాయి."

"ఏ కవరు నాయనా?" అన్నా.

వాడి మొహం మాడిన దోసె మాదిరి అయిపోయింది. నేను చెప్పు దులుపుకుని బస్సుకి పోయినా. కాగితాలతో మనల్ని బెదిరించాలనుకుంటే అంత సులువు కాదబ్బా. ఇవ్వాళ బస్సులో చిల్లర లేదన్న వాళ్ళని కూడా ఏమీ అనలేదు నేను.

జూన్ 16, సోమవారం

కుళాయిలో నీళ్ళు లేవు. మోటరు స్విచ్చి వాళ్ళ పక్క ఉండాది. మోటరు చెడిపోయిందేమో అనుకుని పిలిచినా. కృష్ణ కిటికీలోనించి, "చెడిపోలేదక్కా, మీరు ఖాళీ చేస్తారు కదా, ఇంక మీకు నీళ్ళెందుకు" అన్నాడు.

ఓరి నీ దుంపతెగ. ఎండాకాలం ఇంకా పోలేదు. తాడు పట్టుకుని బాత్రూం దాకా పోయిన అత్త కుళాయి తిప్పి తిప్పి, "వనజా, నీళ్ళు రావే?" అని అరిచింది. మోటరు రిపేరని చెప్పినా.

రేపు చూస్తా వాడి సంగతి. నాకేం భయం లేదు.

జూన్ 17, మంగళవారం

ఐదున్నరకే ఖాకీ చొక్కా వేసుకుని, రెండు బకెట్లు, ఒక బిందె తీసుకుని వాళ్ళ వీధి వాకిట్లో నిలబడినా. నోట్లో డ్యూటీ విజిలు పెట్టుకుని ఊదినా చూడు, కాకులన్నీ లేచిపోయినాయి. పాలకి పోయేవాళ్ళు ఆగినారు. ఎదురింటాయన పళ్ళు తోముకుంటా బయటికి వచ్చినాడు. ఏందమ్మా, బస్సేదైనా రివర్స్ వస్తా ఉందా అన్నాడు.

"బస్సు కాదన్నా, నీళ్ళు. కళ్ళు లేని ముసలామెకి మొహం కడుక్కోను చెంబుడు నీళ్ళు అడుక్కుందామని వచ్చినా. డ్యూటీకి పోవాల, లైనులో నిలబడే టైము లేదు, అందుకని విజిలు."

కృష్ణ లుంగీ ఎగ్గట్టుకుంటా వచ్చినాడు. వెనకే ఉషారాణి, తల కూడా దువ్వుకోలేదు. ఆ పిల్ల కృష్ణ వంక చూసిన చూపుంది చూడు! ఇంతలో లోపల ఎవురో మోటరు వేసేసినారు. శేషమ్మక్కే అయ్యుంటది. ట్యాంకు నిండి పొంగి గోడమీదికి కారింది.

నెల్లూరు ట్రిప్పంతా పాట పాడుకుంటానే టికెట్లు కొట్టినా.

జూన్ 19, గురువారం

తోటి కండక్టరు ఒకామె చెప్తే కావలి కోర్టుకి పోయినా. ఆడవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తారంట అక్కడ. భానుప్రియ మేడం అని, చిన్న వయసే, కళ్ళజోడు. విజిలు సంగతి చెప్తే బాగా నవ్వింది. కవరు సంగతి చెప్తే నవ్వడం మానేసింది.

"తీసుకోలేదా? పోస్టుమ్యాన్ కవరు మీద ఏం రాసుకున్నాడు?"

"ఏందో గీకినాడు మేడం."

"తీసుకోవడానికి నిరాకరించారు అని రాసుంటాడు. అట్టా రాస్తే మీకు ముట్టినట్టే లెక్క వనజాక్షి గారూ. ఆ రోజునించే పదిహేను రోజులు మొదలైపోయినాయి."

"చేతికి రాందే ముట్టినట్టెట్టా?"

"మీ బస్సులో ఒకాయన టికెట్ తీసుకోనని మొండికేసినాడు. చెకింగ్ వాళ్ళు ఎక్కినారు. నేను తీసుకోలేదు కాబట్టి నాకు వర్తించదంటే ఊరుకుంటారా?"

పంతొమ్మిదేళ్ళు నేను చెప్పే మాట ఇంకొకళ్ళు నాకు చెప్పాల్సొచ్చింది.

తర్వాత కొంచెం ధైర్యం చెప్పింది. నోటీసు గడువు అయిపోయినంత మాత్రాన మెడపట్టి గెంటడానికి లేదంట. వాళ్ళు కోర్టులో కేసు వేసి, గెలిచి, కోర్టు చెప్తేనే ఖాళీ చేయించాల. ఆ లోపల తాళం వేసినా, సామాన్లు బయట పడేసినా, నీళ్ళూ కరెంటూ ఆపినా వాళ్ళదే తప్పు. అద్దె తీసుకోకపోతే మనియార్డరు చెయ్యమనింది. రసీదులన్నీ జాగ్రత్త చెయ్యమనింది. కేసు వేస్తే మాత్రం తమ పిల్లోడి కాపురానికే అంటారు, అది వినదగ్గ కారణమే, ఒక ఏడో రెండేళ్ళో లాగగలమేమో గానీ ఎల్లకాలం కాదు అని కూడా చెప్పింది.

ఏడో రెండేళ్ళో చాలు. ఆ లోపల ఏమన్నా జరగొచ్చు. గెలిచినట్టే.

జూన్ 21

మనియార్డరు తీసుకుని మాథ్యూ అన్న శేషమ్మక్క దగ్గరికి పోయినాడు. ఆమె తీసుకోలేదు. "ఈ కాంపౌండులో ఎవురూ ఏదీ తీసుకోరా అక్కా?" అని నన్ను అడిగి పోయినాడు.

జూన్ 24, మంగళవారం

చిల్లకూరు మనిషి ఫోను. నాకు కాదు, అత్తకి. ఆమె ఫోను స్పీకర్లో పెట్టుకుంటది, ఇల్లంతా వినపడతా ఉంది.

"ఇల్లు పోతా ఉందంట కదమ్మా. కృష్ణ చెప్పినాడు. నీకెందుకీ తిప్పలు? ఇక్కడ నీకు కింద రూము వేయించినా. బాత్రూం రూములోనే ఉంది, తాడు కూడా అక్కర్లేదు."

అత్త "ఊఁ" అనింది. "ఊఁ" అంటే ఏం అర్థం? ఔననా, కాదనా, వింటున్నాననా? ఫోను పెట్టేసినాక నేను చేపలు తోముతా అడిగినా, "ఏమంటాడు?" అని. "ఏం లేదులే, రూమంట" అనింది. ఇల్లు పోతా ఉందంట అన్న మాట ఆమె వినలేదేమో. స్పీకరు గరగరమంటది కదా.

నిజంగా మంచి రూమే అయ్యుంటది. ఈ ఇంట్లో బాత్రూంకి పోవాలంటే వసారా దాటి, మెట్టు దిగి, ఎండలో పది అడుగులు. వానొస్తే పాకుడు. ఆమెకి అక్కడే సుఖం అని మనసులో ఎక్కడో నాకు తెలుసు. అయినా ఆ మాట నేను పైకి అననంటే అనను.

పులుసు నోట్లో పెట్టుకోను లేకుండా పోయింది. ఉప్పు రెండుసార్లు వేసినా. ఇద్దరం అట్టే తినేసినాం. నాకేం భయం లేదు.

జూలై 1, మంగళవారం

ఏందబ్బా ఇది! నాకే అర్థం కాలేదు.

పొద్దున్నే పెరటి వైపునించి శేషమ్మక్క వచ్చింది. ఆషాఢం కదా, ఉషారాణిని పుట్టింటికి పంపించేసినారు. కృష్ణ పనికి పోయినాడు. చేతిలో పాత రసీదు పుస్తకం, కళ్ళజోడు.

"వనజా, నువ్వు ఆ రెండు నెలల అద్దె ఇటియ్యి."

"లాయరు వద్దన్నాడంటివే?"

"లాయరుకేం, ఆయనకి ఆషాఢం ఉందా పాడా. ఈ నెల్లో ఎవుర్నన్నా ఇల్లు ఖాళీ చేయిస్తారా? గోడ అవతల దీపం లేని ఇల్లు పెట్టుకుని నేను కంటికి కునుకు తియ్యగలనా? కొత్తగా పెళ్ళయిన పిల్లోడున్న ఇల్లు. ఏదన్నా అయితే ఎవురిది పూచీ? నువ్వు ఎప్పటిమాదిరే ఉండు."

అద్దె తీసుకుని, గడపమీద కూర్చుని, జూన్, జూలై అద్దె ముట్టింది, ఎప్పటిమాదిరే ఉండొచ్చు అని రాసి సంతకం పెట్టి, రసీదు చించి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత లోపలికి పోయి అత్త మంచం మీద కూర్చునింది. నేను డ్యూటీకి పోయేదాకా ఇద్దరూ ఒకటే గుసగుసలు. నేను పోతే ఆపేస్తారు, ఇవతలికి వస్తే మొదలుపెడతారు.

జూలై 3, గురువారం

భానుప్రియ మేడం ఆ రసీదు రెండుసార్లు చదివింది. ఫోనులో ఫోటో తీసుకునింది.

"ఇది ఆమె రాసిందేనా? ఎవురూ బలవంతం చెయ్యలేదు కదా?"

"బలవంతమా? పెన్ను కూడా ఆమెదే మేడం."

"వెళ్ళిపొమ్మని నోటీసిచ్చి, గడువు అయిపోయినాక మళ్ళీ అద్దె తీసుకుని, ఎప్పటిమాదిరే ఉండొచ్చు అని రాసిచ్చింది. అంటే ఆ నోటీసుని ఆమే పక్కన పెట్టేసినట్టు. దాంతో కేసు వేస్తే నేను నిలబడి వాదిస్తా. వాళ్ళు మళ్ళీ మొదటినించి రావాల."

కోర్టు బయట జిలేబీ కొనుక్కుని అక్కడే తినేసినా. అత్తకి కూడా పొట్లం కట్టించినా. ఏం స్పెషలే అంటే డిపోలో ఎవురో పంచినారని చెప్పినా. నమ్మింది.

జూలై 26, శనివారం

శ్రావణం వచ్చింది. ఉషారాణి వచ్చింది. రసీదు సంగతి కృష్ణకి తెలిసింది. గోడ అవతల కేకలు.

"నిన్నెవురు రాసిమ్మన్నారమ్మా! లాయరు నా మొహం మీద నవ్వుతా ఉండాడు! రెండు వేల రూపాయలు నోటీసుకి, అంతా నువ్వు ఆషాఢంలో కలిపేసినావు!"

"ఆషాఢంలో ఇల్లు ఖాళీ చేయించమంటావురా? మీ నాయనుంటే చెప్పు తీసుకుని కొట్టేవాడు!"

చెవి గోడకి పెట్టి నవ్వు ఆపుకుంటా ఉంటే, మంచం మీదనించి అత్త, "గోడ దగ్గరనించి ఇవతలికి రావే, సిగ్గులేదూ" అనింది. ఆమెకి ఎట్టా తెలిసిందో.

అంతా నా వైపే ఉండాది ఇప్పుడు. కాగితం నా వైపు, లాయరు నా వైపు, ఊరు నా వైపు. నాకేం భయం లేదు.

జూలై 27, ఆదివారం, నాలుగున్నర

మంచం ఖాళీ.

ఇంట్లో లేదు. బాత్రూంలో లేదు. గోడకి తాడు లేదు. మేకులు మాత్రం ఉండాయి. ఆమె సంచి మేకుకి లేదు.

ఎదురింటాయన చెప్పినాడు, మధ్యాన్నం తెల్ల కారొచ్చిందంట. చిల్లకూరు మనిషి దిగినాడంట.

ఫోను చేస్తే మంచం కిందనే మోగతా ఉంది. ఫోను కూడా మర్చిపోయింది. తాడు మాత్రం తీసుకుపోయింది.

కూర్చుని రాస్తా ఉండా. ఇల్లు నిలిచింది. ఇల్లు నిలిచి ఏం చేసుకోను నేను.

అదే రోజు, ఆరున్నర

రాయాల. ఎట్టా జరిగిందో అట్టా రాయాల.

చెప్పులేసుకుని బస్టాండుకి పోదామని వాకిలి దాటినా. చిల్లకూరుకి పోయి ఏం చెయ్యాలో నాకే తెలీదు. వీధి చివర కిళ్ళీ అంగడి దగ్గర జనం ఏం లేరు, ఒక ముసలామె వస్తా ఉండాది. ఎడమ చేత్తో గోడ తడుముకుంటా, కుడి చేత్తో గొడుగు కర్ర తట్టుకుంటా. చంకలో సంచి. మురిక్కాలవ దగ్గర ఆగింది, కర్రతో వెడల్పు చూసుకునింది, ఒక్క అడుగులో దాటింది.

మా అత్త!

నేను కదల్లేదు. నిలబడి పోయినా. దగ్గరికి వచ్చి, నా ముందు ఆగి, "ఎవురది? వనజేనా? డీజిలు వాసన" అనింది.

"యాడికి పోయినావు అత్తా!" అని అరిచినా. వీధంతా వినపడి ఉంటది. "తమలపాకులకి" అనింది. తమలపాకులకంట! నేను ఇక్కడ చచ్చి బతికినా. కూలబడి ఏడ్చేసినా, నడివీధిలో, ఖాకీ చొక్కాతో. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టబోయి తడుముకుని ముక్కు మీద పెట్టింది.

ఇంటికొచ్చినాక చెప్పింది. కొడుకు వచ్చినాడు, రమ్మన్నాడు, రానన్నది. "రూము వేయించినానమ్మా" అంటే, "మంచిదే, బియ్యం మూటలు పెట్టుకో" అనిందంట. ఆయన అన్నం కూడా తినకుండా పోయినాడంట.

"మరి తాడేది?"

సంచిలోనించి తీసింది. చక్కగా చుట్ట చుట్టి ఉండాది. ముళ్ళన్నీ విప్పేసింది.

"ఇవ్వాళ విప్పినావా?"

"ఇంక అక్కర్లేదని ఇవ్వాళ గోడమీదనించి తీసినా. నువ్వు లేనప్పుడు పట్టుకోవడం మానేసి రెండు నెల్లు. ఆ రోజు మాథ్యూ కవరు తెచ్చినాడే, ఆ మర్నాటినించే. నువ్వు అట్టా డ్యూటీకి పోంగానే కర్ర తీసుకుని నడక నేర్చుకుంటా ఉండా. మొదట్లో రెండుసార్లు పడినా. ఈ ముట్టి చూడు." మోకాలి మీద మానిన మచ్చ చూపించింది. మెట్టు తగిలిందని అప్పుడు నాతో చెప్పింది, నేను నమ్మినా.

"కవరు సంగతి నీకు తెలుసా?"

"కళ్ళు పోయినాయి గానీ చెవులు పోలేదే పిచ్చిదానా. గేటు దగ్గర నువ్వు అరిచిన అరుపుకి ఊరంతా లేచింది. నువ్వు చెప్పలేదు కదా అని నేనూ ఊరుకున్నా."

"శేషమ్మక్కతో ఆషాఢం మాట నువ్వే అన్నావా?"

"అన్నా. ఈ నెల్లో దీపం ఆర్పుతావా శేషమ్మా అన్నా. అంతే. లాయర్ల సంగతి నాకేం తెలుసు, ఆషాఢం సంగతి తెలుసు. నువ్వు ఇల్లు వెతుక్కోను ఒక నెల దొరుకుద్దని అడిగినా."

"ఇల్లు వెతుక్కోనా? నేను నీకోసం ఇల్లు నిలబెడతా ఉంటే! ఇంకో ఇంట్లో నువ్వు ఎట్టా తిరుగుతావని!"

"అందుకే కదే నేర్చుకుంటా ఉండా. నువ్వు యాడికి పోతే అక్కడ తిరగాల కదా."

అత్త తమలపాకులకి సున్నం రాసి నోట్లో పెట్టుకునింది, నాక్కూడా ఒకటి చుట్టిచ్చింది. నేను ఎప్పుడూ వేసుకోను. ఇవ్వాళ వేసుకున్నా.

ఆగస్టు 3, ఆదివారం

భానుప్రియ మేడంకి ముందే ఫోను చేసి చెప్పినా. "ఇంత పట్టు చిక్కినాక వదులుతారా?" అని ఆశ్చర్యపోయింది. వదలడం లేదు మేడం, పట్టుకునే మాట్లాడతా అన్నా. ఏమేం రాయించుకోవాలో ఆమే కాగితం మీద వేసి పంపించింది.

పెరట్లోనే కూర్చున్నాం. శేషమ్మక్క, కృష్ణ, ఉషారాణి ఒక పక్క. నేనూ అత్తా ఒక పక్క. కాఫీలు ఎవురిచ్చినారంటే ఉషారాణి ఇచ్చింది.

"ఉగాది దాకా ఉంటాం" అని చెప్పినా. "అప్పటిదాకా నీళ్ళు ఆపకూడదు, కరెంటు ఆపకూడదు, అద్దె పెంచకూడదు. మా అడ్వాన్సు మేం సామాన్లు ఎత్తే రోజే ఇవ్వాల. నెలనెలా రసీదు. ఇదంతా కాగితం మీద రాసి సంతకాలు. ఇష్టం లేదంటే ఇంకో నోటీసు పంపించుకో నాయనా, ఈసారి తీసుకుంటా. సంతకం పెట్టే తీసుకుంటా. ఆ తర్వాత కోర్టులో కలుద్దాం. నీ పెళ్ళాం అప్పటికి ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని ఇదే గదిలో సర్దుకుంటా ఉంటది."

ఉషారాణి గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వింది. కృష్ణ తల వంచుకుని, "మోటరు ఆపింది తప్పే అక్కా" అన్నాడు. వాడి నోటినించి ఆ మాట వస్తదని నేను అనుకోలేదు. సంతకం పెట్టినాడు.

శేషమ్మక్క కళ్ళొత్తుకుంటా, "నన్ను వదిలి పోతావా పిచ్చమ్మా" అని అత్త చెయ్యి పట్టుకునింది. నోటీసు పంపించింది వీళ్ళు, ఏడ్చేదీ వీళ్ళే! "పక్క వీధిలోనే చూసుకుంటాంలే, పెరుగు గిన్నె మాత్రం నడిచి తెచ్చుకోవాల నువ్వు" అనింది అత్త.

వాళ్ళు పొమ్మంటే పోవడం వేరు. మా తేదీ మేం చెప్పి పోవడం వేరు. ఇది మాత్రం గట్టిగా గీత కొట్టి రాస్తా ఉండా.

ఆగస్టు 16, శనివారం

నిన్నటినించి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. బస్సు కాదు, తిరునాళ్ళు. శేషమ్మక్క కూడా ఎక్కింది, కావలి అంగట్లో చీర మార్చి తెచ్చుకోను. ఆధార్ చూపించు అంటే, "నన్ను ఎరగవా వనజా" అనింది. "ఎరుగుదును, అయినా చూపించు. రూలు రూలే" అన్నా. జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టినా. "ఇది తీసుకోవాలా వద్దా?" అనింది. బస్సంతా ఏమైందో తెలీకుండానే నవ్వింది.

సాయంత్రం అత్తని తీసుకుని పక్క వీధిలో ఒక ఇల్లు చూసొచ్చినాం. రెండు గదులు, వెనక బావి. వాకిట్లోనే నా చెయ్యి వదిలేసింది. కర్రతో తట్టుకుంటా, అడుగులు లెక్క పెట్టుకుంటా ఇల్లంతా ఒక్కతే తిరిగింది. వంటింట్లో ఆగి, "ఇక్కడ వెలుతురు బాగుందా?" అని అడిగింది.

"నీకెందుకత్తా వెలుతురు?"

"నాకెందుకే. నువ్వు చీకట్లో ఏందో రాసుకుంటా ఉంటావు కదా, నీకు."

ఇంటికొచ్చి, "ఏం రాస్తావే అందులో, చదువు" అనింది. ఎప్పుడూ అడగలేదు. డ్యూటీ లెక్కలని చెప్పబోయి, ఎందుకో చెప్పలేదు. మే నెల కాడినించి చదివినా. విజిలు దగ్గర పకపకా నవ్వింది. పులుసులో ఉప్పు దగ్గర, "నాకు అప్పుడే తెలుసు" అనింది. చిల్లకూరు మాటలు చదివేటప్పుడు మాత్రం నా మోకాలు తడుముకుని దాని మీద చెయ్యి పెట్టి అట్టే ఉంచింది.

అయిపోయినాక అడిగింది. "నాకేం భయం లేదని ఎన్నిసార్లు రాసినావే?"

పేజీలు తిప్పి లెక్క పెట్టినా. నాలుగు.

"అన్నీ అబద్ధాలేనా?"

"అన్నీ" అన్నా.

"కొట్టెయ్."

కొట్టెయ్యలేదు, ఉండనీ. ఇక్కడ ఒక్కసారి సరిగ్గా రాస్తా ఉండా. నాకు భయమేసింది. ఇల్లు పోతదని కాదు, ఈమె పోతదని. పోలేదు. పక్క మంచం మీద నిద్రపోతా ఉండాది, గురక కూడా పెడతా ఉండాది.

రేపు ఫస్ట్ డ్యూటీ.